ముప్ఫై సెంటీమీటర్ల లోపు

రేవులో ఆమెని అందరూ స్కేలక్క అనేవారు. ఒక చివర అడ్డుచెక్క, నడుమ స్కేలు దిగేసిన కొలతపలకని చంకన పెట్టుకుని ఆమె వేలంపాటల షెడ్డులో అడుగుపెడితే చాలు, "అక్క వచ్చింది, పొట్టలు లోపలికి పీల్చుకోండి, కొలిచేస్తుంది" అని ఎవరో ఒకరు కేకేసేవారు. కొత్తలో ఆమె ఉడుక్కునేది. తర్వాత అలవాటైపోయి, "నిన్ను కొలిచి ఏం చేసుకోనురా, నీకు రూలు వర్తించదు, నిన్నెవరూ పట్టుకుపోరు" అని తిరిగి అంటించేది.

మత్స్యశాఖ ల్యాబులో ఆమెది కొలతల ఉద్యోగం. ఆ సరస్సు ఒడ్డున బతికేవాళ్ళకి తిండీ బట్టా అన్నీ వెండిపట్టీ చేపే. ఆమె రోజుకి నలభై యాభై చేపల్ని కొలిచేది, తూచేది, పొట్ట కోసి ఆడో మగో, గుడ్లున్నాయో లేవో చూసి రాసుకునేది. ఆఖరున తల పని పట్టేది. చేప తలలో, చెవి ఉండాల్సిన చోట, గోధుమగింజంత తెల్లటి రాయి ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకారుతో తీసి, మధ్యకి విరిచి, స్పిరిట్ దీపం మీద కాస్త కమరనిచ్చి, మైక్రోస్కోప్ కింద పెడితే వలయాలు కనిపిస్తాయి. చలికాలం వచ్చి ఎదుగుదల ఆగినప్పుడల్లా ఒక నల్లగీత పడుతుంది. గీతలు లెక్కపెడితే చేప వయసు తెలిసిపోతుంది. చూడటం అయ్యాక ఆ రాళ్ళని చిన్న కాగితం కవర్లలో వేసి, పైన తారీకూ పొడవూ రాసి, చెప్పుల డబ్బాల్లో సర్దేది. అలా ఇరవై ఎనిమిదేళ్ళ రాళ్ళు ల్యాబు గోడ పొడవునా అరల్లో పేరుకుపోయాయి.

కొన్న చేపకి తల కోస్తానంటే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. ఆ తలలు ఆమెకి ఇచ్చేది అన్నయ్యే. అన్నయ్యకి సొంత పడవ ఉంది. ఇంటికి ఉంచుకున్న చేపల్ని కొలిచి, పొడవు రాసిన చీటీని తల నోట్లో దోపి, మూతున్న బకెట్లో వేసి ఆదివారం దాకా దాచేవాడు. ఆదివారం భోజనం ఆమెకి అన్నయ్య ఇంట్లోనే. "ఈ ఇంట్లో చెల్లెలికి తలకాయలు, పెళ్ళానికి తోకలు" అని వదిన సాగదీసేది. సాగదీస్తూనే బకెట్ కడిగి, చీటీలు తడవకుండా తలల్ని విడివిడిగా గుడ్డలో చుట్టి ఇచ్చేది.

ముప్ఫై సెంటీమీటర్ల రూలు ఆమె పుణ్యమే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. అప్పట్లో జనం వేలెడంత పిల్లల్ని కూడా ఊడ్చేస్తున్నారు. ఇలాగే సాగితే నాలుగేళ్ళలో సరస్సు ఖాళీ అని శాఖవాళ్ళు బెంబేలెత్తి, ఎంత పొడవు దాకా వదిలేయాలో తేల్చమన్నారు. ఆమె రెండువేల చేపలు కోసి చూసింది. వెండిపట్టీ మూడు నాలుగేళ్ళకి, ముప్ఫై సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఎదిగినప్పుడు, మొదటిసారి గుడ్లు పెడుతుంది. ఒక్కసారైనా పెట్టనిద్దాం, ఆ తర్వాత పడదాం అని రాసింది. శాఖ ఆ మాటే రూలుగా పెట్టింది. ముప్ఫైలోపు చేపని పట్టకూడదు. చిన్నవి జారిపోయేలా వలకన్ను పెద్దదిగా ఉండాలి.

రూలు పెట్టడం తేలిక, రేవు చేత ఒప్పించడం ఎవరి తరం? అన్నయ్య ముందుగా తన వలలు మార్చాడు. "మా చెల్లెలు చెప్పిందంటే లెక్కుంటుంది" అని ఆమెని వెంటబెట్టుకుని పడవ పడవకీ తిరిగాడు. తిట్టారు. గవర్నమెంటు మనిషివైపోయావా అన్నారు. ఎవరో అతని కొత్త వలని కత్తితో నిలువునా చీల్చి పోయారు. అతను మూడు రోజులు కూర్చుని దాన్ని కుట్టుకుని, నాలుగో రోజు మళ్ళీ అదే వల వేశాడు. పడవ అంచు మీద కత్తితో ముప్ఫైకి గాటు పెట్టుకున్నాడు. గాటు దాకా రాని చేప చేతికొస్తే, "పో, పెరిగి రా" అని నీళ్ళలోకి విసిరేసేవాడు. మెల్లగా ఒకరి తర్వాత ఒకరు దారికొచ్చారు. మొదటి పదేళ్ళూ సరస్సు కళకళలాడింది. మోచెయ్యంత చేపలు పడ్డాయి. శాఖ ఆఫీసు మెట్ల దగ్గర స్కేలక్క ఫొటో కట్టించి పెట్టారు. ఆ ఫొటోలో పక్కన సగం తెగిపోయి కనిపించే భుజం అన్నయ్యది.

ఆ తర్వాత పెద్ద చేపలు తగ్గడం మొదలైంది. ఎవరో దొంగచాటుగా పిల్లల్ని పడుతున్నారని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. అయితే ఒక మధ్యాహ్నం, దొంగవలల్లో పట్టుబడి ల్యాబుకొచ్చిన వాటిలో ఇరవై నాలుగు సెంటీమీటర్ల చేప చెవిరాయి చూస్తూ గీతలు లెక్కపెడితే ఆరు వచ్చాయి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే. ఇంకోటి విరిచింది, అయిదు. ఇంకోటి, ఏడు. ఆరేడేళ్ళ చేప మోచెయ్యిని దాటిపోయి ఉండాలి. ఇవి చూస్తే జానెడు దాటి ఆగిపోయాయి. పైగా వాటన్నిటి పొట్టల్లోనూ గుడ్లున్నాయి. రెండేళ్ళ పిల్ల అనుకున్నది కూడా గుడ్లతో ఉంది.

ఆమె నిచ్చెన వేసుకుని పాత డబ్బాలు దింపింది. మొదటి ఏడాది రాళ్ళని, ఆ ఏడాది రాళ్ళని పక్కపక్కన పేర్చుకుంటూ మూడు వారాలు కూర్చుంది. తేలిన విషయం చాలా చిన్నది. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చినా అన్ని చేపలూ ఒకలా ఎదగవు. కొన్ని గబగబా పొడుగవుతాయి, గుడ్లు పెట్టడానికి మాత్రం తొందరపడవు. కొన్ని పొట్టిగానే ఉండి తొందరగా పెట్టేస్తాయి. ఆ గుణం పుట్టుకతో వచ్చేది, పిల్లలకి దిగేది. గబగబా ఎదిగినవి గుడ్లు పెట్టేలోపే ముప్ఫై దాటి వలలో పడ్డాయి. ఎదగనివి కన్నులోంచి జారిపోయి, ఏటేటా గుడ్లు పెట్టి, తమలాంటి వాటినే కన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా రేవంతా కలిసి, రూలు ప్రకారం, పెరిగే రకాన్ని ఏరి ఏరి సరస్సులోంచి తీసేసింది. ఆ సరస్సులో పొట్టిగా ఉండటమొక్కటే బతికే మార్గమైంది. ఆ మార్గం వేసింది ఆమే.

ఆ కాగితాలు పట్టుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్ళింది. డైరెక్టర్ ఆమె తర్వాత మూడేళ్ళకి ఉద్యోగంలో చేరినవాడు. చెవిరాయి ఎక్కడుంటుందో అతనికి చూపించింది కూడా ఆమే. పెద్ద కుర్చీ ఎక్కాక కూడా అక్కా అనే పిలిచేవాడు. అంతా చదివి, కాగితాలు బోర్లించి పెట్టాడు.

"ఎవరికైనా చెప్పారా అక్కా?"

"లేదు సార్. ముందు మీకే."

"మంచి పని చేశారు. చూడండి, రేపు పొద్దున్న మనం రూలు తప్పని చెప్పామనుకోండి. ఎల్లుండికల్లా దోమతెరలు వేసి ఊడ్చేస్తారు. మీరు చెప్పిన మాటల్లో వాళ్ళకి వినపడేది ఒకటే, రూలు తప్పు. తర్వాతది ఎవరూ వినరు."

"కానీ సార్, పెద్దవాటిని కూడా కొన్ని వదిలేయమంటే…"

"అంటాం. అనమని నేనూ అంటాను. ఇంకో రెండేళ్ళు కొలవండి, గట్టిగా తేలనివ్వండి. అప్పుడు కమిటీ వేద్దాం."

అతని మాటలో నిజం లేకపోలేదు. అదే ఆమెకి దొరికిన ఊతం. మూడు నెలలకి ఆమెని ల్యాబు ఇన్‌ఛార్జ్ చేశారు. దీనికీ దానికీ సంబంధం లేదని ఆమె తనకి తాను చెప్పుకుంది. రెండేళ్ళు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ఏటా రిపోర్టు రాసేది, ఏటా అది బోర్లా పడుకునేది. ఆదివారాలు అన్నయ్య ఇంట్లో భోంచేస్తూ, "చేపెందుకు రావట్లేదే?" అని అతను అడిగితే, "నీళ్ళలో ఏదో తేడా ఉంది అన్నయ్యా, చూస్తున్నాం" అని నీళ్ళు నమిలేది. అతను ఇంకా పట్టుదలగా చిన్నవాటిని వదిలి పెద్దవాటినే పట్టేవాడు.

ఒక్కొక్క పడవే సన్నకన్ను వలలకి దిగింది. వాళ్ళని అన్నయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. పొట్ట మాడ్చుకునైనా పిల్లల్ని పట్టనన్నాడు. అరవై ఒకటో ఏట, వరసగా నలభై రోజులు ఖాళీ పడవతో తిరిగొచ్చాక, అతనూ సన్నకన్ను వల కొన్నాడు. ఎవరికీ చెప్పలేదు. వేసిన మూడో రోజే దొరికిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే ఫోన్ చేసి, "మేడమ్, కొలతపలక తీసుకుని మూడో జెట్టీకి రండి, కేసుంది" అన్నాడు. ఎవరిదని ఆమె అడగలేదు. జెట్టీ మలుపు తిరగ్గానే ఆకుపచ్చ రంగు పడవ కనిపించింది. అన్నయ్యది.

అన్నయ్య బోర్లించిన ప్లాస్టిక్ తొట్టి మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పాతిక మంది మూగారు. ఇన్‌స్పెక్టర్‌కి వీళ్ళ బంధుత్వం తెలుసు. "సారీ మేడమ్, కొలిచే అధికారం ఉన్నది మీ ఒక్కరికే" అని చూపు తిప్పుకున్నాడు. ఆమె పలకని పక్కనున్న చేపల తొట్టి అంచు మీద పెట్టింది. ఒక్కో చేపనీ మూతి అడ్డుచెక్కకి ఆనించి, తోక సర్ది, అంకె పలికింది. ఇరవై ఆరు. ఇరవై అయిదున్నర. ఇరవై ఏడు. ఇరవై నాలుగు. ఇన్‌స్పెక్టర్ రాసుకుంటూ పోయాడు.

"పిల్లల్ని పట్టకూడదని మాకు పాఠాలు చెప్పిన పెద్దమనిషి" అన్నాడు గుంపులో ఒకడు, పెద్దగానే.

అన్నయ్య తలెత్తాడు. "అవునురా. పిల్లల్నే పట్టాను. ఇన్నేళ్ళూ పెరిగి రమ్మని పంపి, చివరికి పెరగనివ్వకుండా నేనే పట్టాను. ఉమ్మేసి పోండి." చెల్లెలి వైపు చూశాడు. "నా మొహం చూడకు. సరిగ్గా కొలువు. ఒక్కటి కూడా తగ్గించి రాయొద్దు."

ఆమె బొటనవేలు కింద చేప పొట్ట మెత్తగా లొంగి, నారింజరంగు గుడ్లు పలక మీదికి కారాయి. అవి పిల్లలు కావు. ఆ తొట్టిలో ఉన్నవన్నీ ఏడేళ్ళవి, ఎనిమిదేళ్ళవి. ఎన్నిసార్లు గుడ్లు పెట్టాయో. ఒక్క మాట చెబితే ఆ మనిషి తలెత్తుకుని కూర్చునేవాడు. పక్కన ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, పాతికమంది జనం ఉన్నారు, చేతిలో ఫారం ఉంది. ఫారంలో పొడవుకే గడి ఉంది, వయసుకి లేదు. ఆమె గుడ్లని గుడ్డతో తుడిచేసి తర్వాతి అంకె పలికింది. రెండువందల పన్నెండు చేపలు. పెద్దది ఇరవై ఎనిమిదిన్నర. అడుగున సంతకం పెట్టింది.

ఆ తొట్టిలోంచి పది తలలు ల్యాబుకి తెచ్చుకుంది. అవసరం లేకపోయినా అన్నిటినీ విరిచి చూసింది. ఏడు, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది. ఒకదానికైతే పదకొండు గీతలు. చూసి చూసి, మైక్రోస్కోప్ లైటు ఆర్పకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం వెళ్ళింది. వదిన తలుపు తీసింది గాని ఎప్పటిలా "రా" అనలేదు. "పడుకునే ఉంటున్నారు. రేవులోకి వెళ్ళడానికి మొహం చెల్లట్లేదంట" అంది. అన్నయ్య మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పాలనుకున్నదంతా వరసగా సర్దుకుని వచ్చింది, నోరు తెరిచాక వరస తప్పింది.

"అన్నయ్యా, అవి పిల్లలు కాదు."

అతను ఇటు తిరిగాడు.

"నువ్వు పట్టినవి పిల్లలు కాదు. ముసలివి. ఇక పెరగవు. వాటి రకమే అంత."

లేచి కూర్చున్నాడు. ఆమె చెప్పింది. గీతల సంగతి, గుడ్ల సంగతి, పెరిగే రకం వలలో పడిపోయి పెరగని రకం మిగిలిన సంగతి. వేళ్ళ మీద చూపిస్తూ, పాత రోజుల్లో పడవల మీద తిరిగి రూలు చెప్పినట్టే చెప్పింది.  వింటున్న కొద్దీ అతని మొహంలోకి రక్తం వచ్చింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"అంటే నేను తప్పు చెయ్యలేదా?" అన్నాడు.

"లేదు."

"పిల్లల్ని చంపలేదు."

"లేదన్నయ్యా."

పెద్దగా ఊపిరి వదిలాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నిమిషం గది తేలికైంది. వదిన అప్పుడే మంచినీళ్ళు తెస్తానని కదిలింది. అతను అరచేతుల్లోకి చూసుకుని అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. మొన్నే, ఆ తలలు కోశాకే అంటే సరిపోయేది. అన్నం పెట్టే ఇంట్లో కూర్చుని ఇంకో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎనిమిదేళ్ళయింది."

వదిన నీళ్ళగ్లాసుతో గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఎనిమిదేళ్ళు" అన్నాడు అన్నయ్య. కేకలెయ్యలేదు. "ఎనిమిదేళ్ళూ ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడ కూర్చున్నావు. నేను అడిగాను. అడిగానా లేదా?"

"అడిగావు."

"పెద్దది పడితే మురిసిపోయి పట్టుకొచ్చాను, నీకు చూపించాను. అది ఆఖరిదేమో, దాన్ని వదిలేస్తే మళ్ళీ అలాంటివి పుట్టేవేమో. నువ్వు పక్కనే ఉండి చూశావు. నా చేత్తోనే చేయించావు."

"పైవాళ్ళు చెప్పొద్దన్నారు. రూలు వదిలేస్తే జనం మొత్తం ఊడ్చేస్తారని…"

"జనానికి చెప్పొద్దన్నారు సరే. నేను జనమా?"



"ఈ తలకాయలన్నీ కడిగి, చుట్టి ఇచ్చింది ఇందుకేనా అమ్మా" అంది వదిన. ఆ మాటలో కోపం కూడా లేదు. గ్లాసు కిటికీలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అన్నయ్య లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ ఆగి, పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పాడు. "వంటయింది. భోంచేసి వెళ్ళండి."

చిన్నప్పటినుంచీ అతని నోట ఏమే, ఒసేయ్, పిచ్చిమొహమా తప్ప ఇంకో మాట ఆమె వినలేదు. అన్నయ్యా అని వెనక్కి పిలవడానికి కూడా నోరు రాక, ఖాళీ మంచాన్ని చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది.

విచారణ నెల తర్వాత జరిగింది. ఆఫీసు రెండో అంతస్తులో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు. నడుమ డైరెక్టర్, ఒక పక్క లాయరు, ఇంకో పక్క పడవల సంఘం అధ్యక్షుడు. ఆమె రెండు చెప్పుల డబ్బాలు పట్టుకుని వెళ్ళింది. పొడవు చదవమన్నారు, చదివింది. కూర్చోమన్నారు, కూర్చోలేదు. డబ్బాలు తెరిచి, పాత రాయీ కొత్త రాయీ పక్కపక్కన పెట్టి, ఎనిమిదేళ్ళుగా బోర్లా పడుకున్నదంతా చెప్పింది. ఎనిమిదేళ్ళన్న మాట కూడా దాచలేదు.  ఉద్యోగం పోతుందేమో అనుకునే వచ్చింది. పోయినా బాగుండుననుకుంది.

ఉద్యోగం పోలేదు. డైరెక్టర్ ఆమె చెప్పేదంతా తలాడిస్తూ విన్నాడు. "చాలా విలువైన పరిశీలన. శాఖ ఈ విషయాన్ని ఎంతోకాలంగా గమనిస్తూనే ఉంది. అక్క మా అందరికీ గర్వకారణం" అన్నాడు. ఎనిమిదేళ్ళ క్రితం వేస్తానన్న కమిటీని అప్పటికప్పుడు వేసేశాడు.

సంఘం అధ్యక్షుడికి మాత్రం ఒక్కటే సందేహం. "మరి ఇప్పుడు రూలు మారిస్తే పెద్ద చేప మళ్ళీ వస్తుందా?"

"పెరిగే రకం ఎంత మిగిలిందో తెలియదు" అంది ఆమె. "కొన్ని మిగిలితే, వాటిని వదిలేస్తే, మెల్లగా వస్తుంది. కానీ పొయ్యేటంత తొందరగా రాదు. ఇప్పుడు పొట్టివాటిదే రాజ్యం. అసలు ఏమీ మిగలకపోతే రూలు ఎన్నిసార్లు మార్చినా రాదు. లేనిది ఎక్కడినుంచి పుడుతుంది?"

"ఎన్నేళ్ళు పడుతుంది?"

"ఈ గదిలో ఉన్నవాళ్ళం ఎవరం చూడం."

లాయరు గొంతు సవరించుకుని, ఇవన్నీ భవిష్యత్తు విషయాలనీ, నేరం జరిగిన రోజున ముప్ఫైలోపు అంటే ముప్ఫైలోపేననీ అన్నాడు. అన్నయ్యని ఏమైనా చెప్పుకోమన్నారు. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"చెప్పుకునేదేం లేదండి. ముప్ఫైలోపు చేపలే. మేడమ్ గారు స్వయంగా కొలిచారు. ఆవిడ కొలత తప్పదు."

లైసెన్సు ఏడాది రద్దు చేశారు. ఏడాది ఒడ్డున పడి ఉంటే చెక్కపడవ విచ్చిపోతుంది. మూడు నెలలకే అన్నయ్య దాన్ని అమ్మేసి, ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు.

మరుసటి ఏడు కొత్త రూలు వచ్చింది. ఇరవైకి తక్కువున్నవీ వదిలేయాలి, ముప్ఫై రెండు దాటినవీ వదిలేయాలి. డైరెక్టర్ ఏదో పెద్ద సభలో దాని గురించి మాట్లాడి వచ్చాడు. ఆ సభ ఫొటో ఆఫీసు మెట్ల దగ్గర పెట్టారు, స్కేలక్క ఫొటో ఒక మెట్టు పైకి జరిగింది. రేవులో నచ్చజెప్పడానికి మళ్ళీ ఆమెనే పంపారు. ఈసారి తిట్టినవాళ్ళు లేరు, వల చించినవాళ్ళు లేరు. "సరే అక్కా, అలాగే" అన్నారు. ఒకాయన మాత్రం, "ఇది తప్పని ఎన్నేళ్ళకి చెబుతారు?" అని మర్యాదగానే అడిగాడు. ఆమెని చూసి పొట్ట లోపలికి పీల్చుకోమని ఎవరూ అరవలేదు.

రిటైర్మెంటుకి నాలుగు నెలలుందనగా ఒక పొద్దున్న, రేవు నుంచి ఒక పడవాయన తడిగోనెలో చుట్టిన చేపని ల్యాబుకి తెచ్చాడు. "వదిలేద్దామనే చూశాను అక్కా. మొప్పలు వలలో చిక్కుకుని అప్పటికే చచ్చిపోయింది. మీకు చూపిద్దామని తెచ్చాను." గోనె విప్పింది. పన్నెండేళ్ళలో అలాంటి చేప చూడలేదు. పలక మీద పెడితే ముప్ఫై ఎనిమిది. పక్కల వెండిగీత ఇంకా మెరుస్తోంది. కోసింది, రాయి విరిచింది, చూసింది. తలా మొండెమూ చెడిపోకుండా ఉంచాలి, పై ల్యాబుకి పంపాలి. ఫ్రిజ్ వారం రోజులుగా పాడైపోయి ఉంది. చేపని థర్మాకోల్ పెట్టెలో సర్దుకుని ఐస్ ఫ్యాక్టరీకి బయల్దేరింది. రోజూ వెళ్ళే బంకు పక్క దుకాణంలోనూ ఐస్ దొరుకుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

లోపల నేలంతా తడి. రబ్బరు బూట్లు వేసుకుని, ఇనపకొక్కెంతో దిమ్మ లాగుతున్నాడు అన్నయ్య. సన్నబడ్డాడు. ఆమెని చూసి కొక్కెం గోడకి ఆనించి వచ్చాడు.

"చెప్పండి మేడమ్."

ఆమె పెట్టె బల్ల మీద పెట్టి మూత తీసింది. అతను చూశాడు. తడిచేతిని ప్యాంటుకి తుడుచుకుని, మోచేతిని చేప పక్కన ఆనించి, తెలియకుండానే కొలిచాడు.

"ఎన్నేళ్ళది?"

"మూడు."

"మూడేళ్ళకే ఇంతా!" ఆ ఒక్క మాటా పాత గొంతుతో వచ్చింది. కోసిన పొట్ట మీద వేలు పెట్టి అంచు పక్కకి తీశాడు. "గుడ్లున్నాయా?"

"లేవు. ఇంకా కట్టలేదు. వచ్చే ఏడాది కట్టేదేమో."

అతను వేలు తీసేశాడు. ఆమె ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే అతను పార తీసుకుని దంచిన ఐస్ నింపడం మొదలుపెట్టాడు. తల చుట్టూ, మొండెం కింద, ఎక్కడా సందు లేకుండా, ఎప్పుడూ చేసే పని కాబట్టి చక్కగా నింపాడు. మూత పెట్టి, తాడు రెండు చుట్లు తిప్పి ముడేశాడు.

"బరువుగా ఉంది మేడమ్. బస్టాపు దాకా ఎవరినైనా పంపమంటారా?"

"అక్కర్లేదు" అంది.

రెండు చేతులతో పెట్టె ఎత్తుకుని బయటికి నడిచింది. వెనక దిమ్మ లాగుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది.